పసివాడి ప్రాణం కాపాడి, క్షమాపణ రాసిచ్చాను

హనుమకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న యువతి రాసిన ఉత్తరం ఇది. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తిచేసి ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. సొంత ఊరు నర్సంపేట దగ్గర. చలికాలం వచ్చిందంటే వార్డులో మంచం ఖాళీ ఉండదని, పరకాల, ములుగు, భూపాలపల్లి వైపుల నుంచి దగ్గుతో, ఆయాసంతో పసిపిల్లలు వస్తూనే ఉంటారని రాశారు. జనవరిలో అలా వచ్చిన ఐదు నెలల బాబు గురించే ఆమె బాధంతా.

బాబుకు బ్రాంకియోలైటిస్, అంటే ఊపిరితిత్తుల్లోని సన్నని గాలి గొట్టాల వాపు. నిమిషానికి 70కి పైగా ఊపిరి తీస్తున్నాడు, డొక్కలు ఎగరేస్తున్నాడు. ఆక్సిజన్ పెట్టారు. నోటితో ఏమీ పట్టవద్దని డాక్టరు రాసి, ముక్కులోంచి పొట్టలోకి సన్నని పాల గొట్టం వేయించారు. ఆ రాత్రి డ్యూటీలో ఈమెతో పాటు ఇంకొక్క నర్సు మాత్రమే ఉన్నారు. రెండు గంటల వేళ బాబు ఏడుపు ఆపలేదు. తల్లి అలసిపోయి నిద్రలో ఉంది. నానమ్మ చెంచాతో పాలు పట్టింది. పొలమారింది. పెదాలు నీలంగా మారాయి, మానిటర్‌లో ఆక్సిజన్ 80 శాతం కిందికి పడిపోయింది. ఈమె పరుగెత్తుకెళ్లి, బిడ్డను పక్కకు తిప్పి, ముందు నోట్లో, తర్వాత ముక్కులో ఉన్నదంతా సక్షన్‌తో (గొట్టంతో పీల్చి) తీసి, ఆక్సిజన్ పెంచి, డాక్టరును పిలిపించారు. కొద్ది నిమిషాల్లో బాబు తేరుకున్నాడు. అప్పుడు ఈమె వార్డంతా వినేలా ఆ పెద్దావిడ మీద అరిచారు: "పిల్లవాణ్ణి చంపుదామనుకున్నావా?"

తెల్లవారాక బాబు తండ్రి, బంధువులు గొడవ చేశారు. యాజమాన్యం ఈమెతో క్షమాపణ రాయించుకుంది. బాబు కోలుకుని ఇంటికి వెళ్లాడు. వెళ్లేటప్పుడు నానమ్మ ఈమె వైపు కన్నెత్తి చూడలేదు. అప్పటి నుంచి సక్షన్ గొట్టం పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయట. "ముక్కులో గొట్టం పెడితే బిడ్డను హింసిస్తున్నామంటారు. ఇంజక్షన్ ఎందుకు వేయరు, సెలైన్ ఎందుకు పెట్టరు అని నిలదీస్తారు. నేను చేసింది తప్పా? పెద్దవాళ్ల వార్డుకు మార్చమని అడగనా, ఉద్యోగమే మానేయనా? నాన్న సంబంధాలు చూస్తున్నారు. నైట్ డ్యూటీల ఉద్యోగం ఇక ఎందుకని అంటున్నారు" అని ముగించారు.

అమ్మా, ఆ రాత్రి మీరు చేసిన పనుల వరుస చూడండి. పక్కకు తిప్పడం, ముందు నోరు, తర్వాత ముక్కు, ఆక్సిజన్, డాక్టరుకు కబురు. అర్ధరాత్రి రెండు గంటలకు, ఒళ్లంతా అలసిపోయి ఉన్నప్పుడు, ఒక్క అడుగు తప్పకుండా చేశారు. ఈ పని రాని మనిషి మీరు కాదు. వార్డు మార్చుకోవాలా వద్దా అని ఆలోచించేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టకండి.

మీ ఉత్తరంలో పాలు ఆపడం, అరవడం, క్షమాపణ రాయడం ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. "నేను చేసింది తప్పా" అని మూడింటికీ కలిపి ఒకే ప్రశ్న వేశారు. వాటిని విడదీసి చూద్దాం.

నోటి పాలు ఆపడంలో మీ తప్పు ఏమీ లేదు. అది డాక్టరు ఆదేశం, సరైన ఆదేశం. ఐదు నెలల బిడ్డ ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తాడు. పాలు మింగే ప్రతిసారీ క్షణం సేపు ఊపిరి ఆపాలి. నిమిషానికి 70 సార్లు ఊపిరి తీస్తున్నవాడికి ఆ క్షణం దొరకదు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇది మీకు తెలుసు, నాకు తెలుసు. ఆ పెద్దావిడకు ఎవరు చెప్పారు?

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. నోటితో పట్టవద్దని ఆమెకు చెప్పినట్టు ఉంది కానీ, గొట్టంలోంచి బాబుకు పాలు అందుతున్నాయని చెప్పినట్టు ఎక్కడా లేదు. చెప్పి ఉండవచ్చు, మీరు రాయకపోయి ఉండవచ్చు. కానీ చాలా వార్డుల్లో జరిగేది ఇదే. "నోటితో వద్దు" అని మనం అంటాం, "పాలు వద్దు" అని వాళ్లకు వినిపిస్తుంది. ఆమె తరం ఆడవాళ్లు ఆకలితో నీరసించిపోయిన పసిపిల్లలను కళ్లారా చూశారు. జబ్బు చేసిన బిడ్డను పస్తు ఉంచకూడదన్నది ఆమె జీవితమంతా నేర్చుకున్న పాఠం, అందులో తప్పు కూడా లేదు. ఆయాసంతో ఉన్న బిడ్డకు పాలు, నీరు తగ్గిపోకూడదనే వైద్యం కూడా చెబుతుంది. అందుకే కదా గొట్టం వేసింది. మరీ ఆయాసంగా ఉంటే డాక్టరు గొట్టం పాలు కూడా ఆపి సెలైన్ పెడతారు, అది వేరే సంగతి. ఆ బాబుకు గొట్టంలో పాలు నడుస్తున్నాయి. నానమ్మ కోరుకున్నదీ మీరు చేస్తున్నదీ ఒకటే పని. ఆ సంగతి ఆమెకు తెలియలేదు.

కాబట్టి ఇకముందు పాల వేళకు తల్లినీ, ఇంట్లోని పెద్దావిడనూ మంచం దగ్గరికి పిలవండి. తల్లి పాలు శుభ్రమైన గిన్నెలోకి పిండించండి. గొట్టం సరైన చోట ఉందో లేదో మీరు ఎప్పటిలాగే పరీక్షించండి. ఆ తర్వాత లోపలి కడ్డీ (ప్లంజర్) తీసిన సిరంజిని గొట్టానికి తగిలించి, పాలు పోసి, నొక్కకుండా కాస్త ఎత్తులో పట్టుకోండి. పాల మట్టం గీత గీతగా దిగుతుంటే ఆ పెద్దావిడ చూపు దాని మీదే ఉంటుంది. మీ చేయి పక్కనే ఉంచి, సిరంజిని ఆమెను పట్టుకోనివ్వవచ్చేమో మీ ఇన్‌చార్జి సిస్టర్‌ను అడగండి. మనవడి కడుపులోకి పాలు దిగడం తన కళ్లతో చూసిన నానమ్మ రాత్రి రెండు గంటలకు చెంచా వెతకదు. ఎందుకు నోటితో వద్దో కూడా అప్పుడే చెప్పండి. "పెద్దమ్మా, చేను నుంచి ఊరిదాకా పరుగెత్తి వచ్చిన మనిషికి చెంబు నోటికి అందించి గటగటా తాగమంటే తాగగలడా? మీ మనవడు పడుకునే పరుగెడుతున్నాడు" అంటే అర్థం కాని మనిషి ఉండదు.

ఇక ఇంజక్షన్ ఎందుకు వేయరన్న గొడవ. ఈ మాట మిమ్మల్ని బాగా గుచ్చుకుంది, నాకూ అసలు సమస్య ఇక్కడే కనిపిస్తోంది. బ్రాంకియోలైటిస్ ఎక్కువగా రెండేళ్ల లోపు పిల్లలకు వస్తుంది. చాలామందిలో దానికి కారణం ఆర్‌ఎస్‌వీ అనే వైరస్. యాంటీబయాటిక్ దాని మీద పనిచేయదు. నెబ్యులైజర్ మందులతోనూ చాలామంది పిల్లలకు పెద్దగా ఒరిగేది లేదు. బ్యాక్టీరియా న్యుమోనియా అని డాక్టరు అనుకుంటే అప్పుడు యాంటీబయాటిక్ తప్పదు, ఆ నిర్ణయం ఆయనదే. మిగిలినదంతా ఏమిటి? ముక్కు శుభ్రంగా ఉంచడం, ఆక్సిజన్ అందించడం, పాలు కడుపులోకి చేర్చడం, తల కాస్త ఎత్తుగా పడుకోబెట్టడం, అనవసరంగా ఏడిపించకపోవడం, గంట గంటకూ ఊపిరి లెక్కపెట్టడం. ఈ జబ్బులో నర్సు చేసేదే చికిత్స. కానీ మన జనానికి చికిత్స అంటే సూది, సీసా. అవి కనిపించకపోతే ఏమీ చేయడం లేదనే అనుకుంటారు. కనిపించేది ఒక్క సక్షన్, అది చూడటానికి హింసలా ఉంటుంది. మీరు చేస్తున్న పనిలో నూటికి తొంభై పాళ్లు వాళ్ల కళ్లకు ఆనడం లేదు.

ఇంకొక సంగతి కూడా మీకు ఎదురు తిరుగుతోంది. ఈ జబ్బు మామూలు జలుబుతో మొదలై మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య ముదురుతుంది. ఊళ్లో ఒకటి రెండు రోజులు చూసి, ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి, ఆ తర్వాత హనుమకొండ బస్సెక్కుతారు. సరిగ్గా ముదిరే వేళకు మీ మంచం మీదికి చేరతారు. వచ్చినప్పటి కంటే మర్నాటికి బిడ్డకు ఆయాసం పెరుగుతుంది. వాళ్లకు కనిపించేది ఒక్కటే: "తీసుకొచ్చినప్పుడు బాగానే ఉన్నాడు, ఇక్కడికొచ్చాకే ఇలా అయింది." చేరిన పూటే ముందుగా చెప్పండి. రేపు, ఎల్లుండి ఇంకొంచెం ఎక్కువ కావచ్చని, ఆ తర్వాత దిగుతుందని, దగ్గు మాత్రం రెండు మూడు వారాలు ఉండవచ్చని. ముందే చెప్పిన మాట నిజమైతే మీ మీద నమ్మకం పెరుగుతుంది. అదే మాట తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది.

సక్షన్ గురించి. మీ చేతులు వణకడానికి కారణం ఆ రాత్రి జరిగినది ఒక్కటే కాదేమో. చుట్టూ ఉన్నవాళ్లు మిమ్మల్ని నేరస్తురాలిలా చూస్తుండగా ఆ పని చేయాల్సి రావడం కూడా కావచ్చు. అందుకే దాన్ని కూడా కళ్ల ముందు పెట్టండి. మొదలుపెట్టే ముందు తల్లిని ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టమనండి, మీరు గడియారం చూడండి. చొక్కా పైకెత్తి, పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి. తర్వాత ముక్కులో సెలైన్ చుక్కలు వేసి, కాసేపు ఆగి, పైపైన మెల్లగా తీయండి. బిడ్డ ఏడుపు ఆగి కుదుటపడ్డాక మళ్లీ లెక్కపెట్టించండి. కాలి బొటనవేలికి కట్టిన ఎర్ర దీపం ఏమిటో, మానిటర్ మీది అంకె ఏమి చెబుతుందో కూడా చూపించండి. ఆ దీపం వేడికి వేలు కాలుతుందని భయపడి విప్పేసేవాళ్లు ఉన్నారు. ముక్కు తేలికపడితే చాలాసార్లు ఊపిరి లెక్క కాస్తయినా తగ్గుతుంది, తల్లి ఆ తేడాను తానే చెబుతుంది. ప్రతిసారీ తగ్గుతుందని మాత్రం మాట ఇవ్వకండి. ఒక్క జాగ్రత్త: పాల వేళకు ముందు, ముక్కు గురగురలాడినప్పుడు తీస్తే చాలు. గొట్టం లోపలికంటా పెట్టి పదే పదే తీస్తే వాపు పెరుగుతుంది. ఆ విషయంలో బంధువుల బాధలో కొంత నిజం ఉంది.

ఇంత చెప్పడానికి ఇద్దరు నర్సులున్న రాత్రి తీరిక ఎక్కడిది అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మంచం మంచానికీ విడిగా చెప్పలేరు. సాయంత్రం డ్యూటీ మారే వేళ, వార్డులోని తల్లులను, నానమ్మలను, అమ్మమ్మలను ఒక చోట కూర్చోబెట్టి పది నిమిషాలు చెప్పే ఏర్పాటు చేయమని ఇన్‌చార్జితో మాట్లాడవచ్చు. చేతులు కడుక్కోవడం గురించీ అక్కడే చెప్పండి. ఈ వైరస్ చేతుల మీదుగా, మంచం పట్టెల మీదుగా పాకుతుంది. చూడటానికి వచ్చిన పదిమందీ బిడ్డ బుగ్గలు తడిమి పోతే పక్క మంచం వాడికీ అంటుతుంది. కానీ ఇదంతా చేసినా, వార్డు నిండా ఆక్సిజన్ మీద పిల్లలుంటే ఇద్దరితో రాత్రి గడవదు. ఆ లోటు మీ ఓర్పుతో పూడ్చేది కాదు.

అందువల్ల క్షమాపణ పత్రం విషయానికి వస్తాను. అరిచినందుకు క్షమాపణ చెప్పడం సబబే. మనవణ్ణి చంపుదామనుకున్నావా అన్న మాట ఏ నానమ్మా మర్చిపోదు. మీరు భయంతో అన్నారు, ఆమె ప్రేమతో పట్టింది. అయితే యాజమాన్యం మీతో ఏమి రాయించింది? అరిచినందుకా, బిడ్డకు ప్రమాదం జరిగినందుకా? రెండింటికీ చాలా తేడా ఉంది. దాని నకలు అడిగి తీసుకోండి. ఆ రాత్రి నర్సింగ్ నోట్స్‌లో సమయం, ఊపిరి లెక్క, ఆక్సిజన్ అంకె, మీరు చేసిన పని, డాక్టరు వచ్చిన వేళ అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. ఉంటే మీకు అదే రక్ష. లేకపోతే పాత పేజీలో ఇప్పుడు ఏమీ చేర్చకండి. ఈ రోజు తేదీ వేసి, జరిగినది జరిగినట్టు విడిగా రాసి, నర్సింగ్ సూపరింటెండెంట్‌కు ఇవ్వండి. అందులో ఆ రాత్రి ఎంతమంది పిల్లలకు ఎంతమంది నర్సులున్నారో కూడా రాయండి. దీనితో యాజమాన్యానికి మీ మీద కినుక కలగవచ్చు. గొడవలకు దిగే మనిషని పేరు పెట్టవచ్చు. రాయకపోతే, రేపు ఇలాంటిదే ఇంకొకటి జరిగినప్పుడు మీ క్షమాపణ పత్రం ఒక్కటే దస్తావేజుగా మిగులుతుంది. ఒంటరిగా ఇవ్వడానికి జంకితే, ఆ రాత్రి మీతో ఉన్న నర్సుతో కలిసి ఇవ్వండి.

నానమ్మతో మాట్లాడాలని మీకు ఉన్నట్టు నాకు అనిపించింది. కేసు షీట్‌లోంచి నంబరు తీసుకుని సొంతంగా ఫోన్ చేయకండి. అది రోగుల వివరాల గోప్యతకు భంగం, ఆ కుటుంబం దాన్ని మరోలా అర్థం చేసుకోనూ వచ్చు. బాబును మళ్లీ చూపించడానికి వచ్చే రోజు కనుక్కుని, ఇన్‌చార్జి సిస్టర్ పక్కన ఉండగా కలవండి. "ఆ మాట అనకూడదు పెద్దమ్మా, బిడ్డ నీలంగా మారితే భయపడిపోయాను" అంటే చాలు. పాలు పట్టడం తప్పని మళ్లీ ఎత్తవద్దు. ఆమె మెత్తబడవచ్చు, ముఖం తిప్పుకోనూ వచ్చు. ముఖం తిప్పుకుంటే బలవంతం చేయకండి.

వార్డు మారడం గురించి. పెద్దవాళ్ల వార్డుకు వెళితే ఈ బరువు కొంత దిగుతుంది, నిద్ర కుదుటపడవచ్చు. సిగ్గుపడాల్సినదేమీ లేదు. కానీ పసిపిల్లల ముక్కులో గొట్టం వేసే ఒడుపు, కళ్లతో చూసే ఆయాసాన్ని అంచనా కట్టే నేర్పు వాడకపోతే తగ్గిపోతాయి. శాశ్వతంగా మార్చమని కాకుండా రెండు మూడు నెలలకని అడిగి చూడండి. చలికాలం తగ్గాక, వార్డు ఖాళీగా ఉన్నప్పుడు తిరిగి వచ్చి మొదలుపెట్టవచ్చు. లేదా ఇక్కడే ఉండి, కొన్నాళ్లు పగటి డ్యూటీలు అడిగి, సక్షన్ చేసేటప్పుడు సీనియర్ సిస్టర్‌ను పక్కన ఉండమనవచ్చు. వణుకు తొందరగా పోయేది ఈ దారిలోనేనని నా నమ్మకం. అయితే పక్కన నిలబడే సీనియర్ ఉంటేనే. ఆసుపత్రే మారాలనుకుంటే ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు చదవవచ్చు. ఉద్యోగ భద్రత ఉంటుంది, కానీ అక్కడ జనం తక్కువ ఉంటారని అనుకోకండి. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రికి ఎన్ని జిల్లాల నుంచి బిడ్డలను తెస్తారో మీకు తెలుసు. ఏ దారి పట్టినా, వణుకు తగ్గకపోతే, ఆ రాత్రి కలలోకి వస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

ఉన్నన్నాళ్లు మాత్రం డిశ్చార్జి రోజు నానమ్మలను వదలకండి. పత్తి ఏరడానికో మిరపకాయ కోతకో తల్లి చేనుకు వెళితే బిడ్డ ఉండేది ఆమె ఒడిలోనే. మందుల చీటీ తండ్రి చేతిలో పెట్టి పంపేస్తే ఏమి లాభం? స్నానం చేయించాక సాంబ్రాణి పొగ పట్టవద్దని, ముక్కులో నూనె చుక్క వేయవద్దని, కట్టెల పొయ్యి దగ్గర, బీడీ కాల్చే తాత దగ్గర పడుకోబెట్టవద్దని ఆమెకే చెప్పాలి. పొట్ట మీద వాతలు పెట్టే అలవాటు ఉన్న ఊళ్లు ఉంటే ఆ మాట కూడా దాచకండి. నిద్రలో ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టడం నేర్పండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, అక్కడి నుంచి ఏడాది లోపు 50, ఏడాది దాటి ఐదేళ్ల లోపు 40. ఆ లెక్కకు చేరినా దాటినా ఆ రోజే ఆసుపత్రికి తేవాలి. డొక్కలు ఎగరేసినా, పాలు తాగలేకపోయినా, తాగినదంతా కక్కినా, మూర్ఛ వచ్చినా, మూలిగినా, లేపితే లేవకపోయినా లెక్కపెడుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. టీకాల కార్డు కూడా ఒకసారి చూడండి. న్యుమోకోకల్ టీకా 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు. ఆర్‌ఎస్‌వీని అది ఆపదు కానీ, ప్రాణం తీసే ఒక రకం న్యుమోనియాను ఆపుతుంది.

నాన్న మాట చివరికి ఉంచాను. ఆయన మీ మంచి కోరే అంటున్నారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన కూతురి ముఖం చూసి ఏ తండ్రైనా అలాగే అంటాడు. కానీ చేతులు వణుకుతున్న ఈ రోజుల్లో ఉద్యోగం మానేస్తే, పెళ్లి కోసం మానానని లోకం అనుకుంటుంది, ఆ రాత్రి వల్ల మానానని మీకు తెలుస్తూ ఉంటుంది. అది మోయడం కష్టం. వణుకు తగ్గాక, నిద్ర పట్టాక కూడా మానాలనే అనిపిస్తే నిశ్చింతగా మానండి. కొనసాగాలనిపిస్తే, అమ్మాయి పిల్లల వార్డులో నర్సు, నెలలో కొన్ని రాత్రులు డ్యూటీ ఉంటుంది అని సంబంధం వచ్చిన మొదటి రోజే చెప్పమని నాన్నను అడగండి. కొన్ని సంబంధాలు అక్కడే ఆగిపోతాయి. అవి పెళ్లయ్యాక కాకుండా ఇప్పుడే ఆగిపోవడం మీకూ, ఆయనకూ మేలు.